ట్యాంకు నిండేలోపు

ఎల్బీ నగర్,
18 ఆగస్టు 2025

రామారావు బావగారికి అంతయ్య నమస్కారం. మీ ఇంట్లో అందరూ బాగున్నరని మా సంధ్య పొద్దుననే చెప్పింది గనుక ఆ సంగతి మళ్ళీ అడుగుత లేను. నా బిడ్డే మీ కోడలు కావటంలో ఉన్న సుఖం ఇదే.

అక్కయ్య పంపిన గోంగూర పచ్చడి అందింది. రెండు పూటల్లో డబ్బా అడుగు కనపడ్డది. ఖాళీ డబ్బా వియ్యాలవారింటికి పంపొద్దని అండాలమ్మ దాంట్లో సర్వపిండి పెట్టింది. మూడేండ్ల నుంచి ఈ స్టీలు డబ్బా, ఇక్కడి ల్యాబులో పనికి వచ్చిపోయే సంధ్య చేతిలో దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మెట్రోలో తిరుగుతనే ఉన్నది, ఒక్కరోజు కూడా ఖాళీగా పోలేదు. ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సులకు రంగులేసినోణ్ణి, చెప్తున్న, బస్సులు కూడా అంత నిండుగా తిరగవు.

ఇక మీ స్కూటర్ సంగతి. పాత రంగంతా గీకేసిన. లప్పం పెట్టి నున్నగా రుద్దిన. రంగు కొట్టుడొక్కటే మిగిలింది. తంటా అక్కడే వచ్చింది. నా షెడ్డులో ఉన్న కంప్రెసర్ మీరు చూసిందే. దాని ట్యాంకు నీళ్ళ బిందెంత ఉంటది. రెండు నిమిషాలు రంగు గన్ నొక్కితే గాలి అయిపోతది. మళ్ళీ గాలి నింపుకునేదాక నాలుగు నిమిషాలు మోటారు మొత్తుకుంటది, నేను స్టూలు మీద కూర్చుంట. ఆ నాలుగు నిమిషాల్లోనే మీకు ఈ ఉత్తరాలు రాసుడు. ఉండండి, గాలి మీటరు ముల్లు పైకొచ్చింది. ఒక చుట్టు కొట్టొస్త.

వచ్చిన. చిన్న బీరువా తలుపు అయితే ఈ బిందె సరిపోతది. మీ స్కూటర్ ఇంజన్ మీద ఉబ్బెత్తు మూత ఉన్నది చూడండి, దాన్ని ఆపకుండా ఒక్క ఊపులో కొట్టాలె. సగంలో గాలి తగ్గితే గన్ ఉమ్ముతది, రంగు మీద గుంటలు పడతయి, మా నల్లగొండ బత్తాయి తొక్క తీరు. మీ స్కూటర్‌ను బత్తాయి చేసి ఇయ్యలేను. దసరాకు మీరు దానికి నిమ్మకాయ కట్టాలె. అందుకని పెద్ద కంప్రెసర్ కొందామని చూస్తున్న. అండాలమ్మ అయితే, "గంత పెద్దదా? ఏడ పెడ్తవ్, నా నెత్తి మీదనా?" అన్నది.

మీరు కరెంటాఫీసులో డీఈగా చేసిన మనిషి. మా మీటరు దాన్ని మోస్తదా లేదా మీరే చెప్పాలె. మీరు సరే అంటేనే కొంట. ముల్లు మళ్ళీ పైకొచ్చింది, సెలవు.

మీ
అంతయ్య


దిల్‌సుఖ్‌నగర్,
20 ఆగస్టు 2025

అంతయ్య బావగారికి రామారావు నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి గుమ్మంలోనే నిలబడి, రెండోసారి కాఫీతో, మూడోసారి బాల్కనీలో మెట్రో రైళ్ళు చూస్తూ. మీ ఉత్తరాల్లో ఒక అందం ఉంది బావగారూ. పేరా తెగిపోతుంది, తర్వాతి పేరా రంగు మరకతో మొదలవుతుంది. నిన్నటి మరక బూడిదరంగు. ఎవరిదో ఆఫీసు బీరువా అయి ఉంటుందని మా ఆవిడతో పందెం వేశాను. సంధ్యను అడిగితే అవునంది. గెలిచాను.

సర్వపిండి నేను తిన్నంత మా అబ్బాయి శ్రీకర్ కూడా తినలేదు. చెల్లెమ్మకు నా కృతజ్ఞతలు. ఈసారి డబ్బాలో పూతరేకులు పెట్టాం. మెట్రోలో సంధ్య వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి పాపం.

స్కూటర్ మీద మీరు పడుతున్న శ్రమకు ఏం చెప్పను. ఆ బండి మీదే శేషారత్నాన్ని కాపురానికి తెచ్చుకున్నాను. మూల పడి ఉన్న దాన్ని మీరే అడిగి తీసుకువెళ్ళారు.

పెద్ద కంప్రెసర్ సంగతి ఆలోచించి చెబుతాను. ఒక్క సందేహం మాత్రం. పెద్ద ట్యాంకు వస్తే మీరు మధ్యలో ఆగనక్కర్లేదు కదా. మరి నాకు ఉత్తరాలు ఎప్పుడు రాస్తారు? సరదాకి అడిగాను లెండి.

భవదీయుడు
రామారావు


ఎల్బీ నగర్,
23 ఆగస్టు 2025

బావగారికి అంతయ్య నమస్కారం.

పూతరేకులు విరగకుండా దిగినయి. అండాలమ్మ మొదటిదాని రేకును కాగితమనుకుని తీసెయ్యబోయింది, సంధ్య ఆపింది. తర్వాత, "కాగితమే తినేది, తిను" అని నవ్వింది.

నిన్న రాణిగంజ్ పోయి మిషన్ చూసొచ్చిన. బావగారూ, ఏం మిషన్! ట్యాంకు నా నడుమంత ఎత్తు, పొడుగు నిలువు మనిషంత. పైన రెండు సిలిండర్లు, బెల్టు, మూడు హార్స్ పవర్ మోటారు. ఎనిమిది నిమిషాలు గన్ ఆపకుండా కొట్టినా గాలి తగ్గదంట. ఈ వయసులో నాకు ఇది పెండ్లిచూపుల తీరు అయింది. తిరిగొచ్చేదాక వెనక్కు చూసుకుంట వచ్చిన.

నిలబడండి, ఒక కోటు.

ఆ. ఇంకొక మంచి సంగతి ఏందంటే, దాని చప్పుడు నా చిన్నదాని తీరు చెవులు తూట్లు పొడిచేది కాదు. డుగుడుగు అని మెల్లగ నడుస్తది. దాన్ని గోడ వెనక పెట్టిస్త. అప్పుడు మనం చక్కగ ఫోన్లో మాట్లాడుకోవచ్చు! మూడేండ్ల కింద నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, "మీ మిషన్ చప్పుడులో ఏమీ వినపడటం లేదు, రాసి పంపండి" అని మీరే అన్నరు. నా చప్పుడు వల్ల అంత పెద్ద ఆఫీసరుతో ఇన్నేండ్లు కాగితాలు రాయించిన. నాకే సిగ్గుగ ఉన్నది. ఉత్తరాలు ఎప్పుడు రాస్తరని అడిగిన్రు. ఇక రాసే పని ఎవ్వరికీ ఉండదు, ఆ కష్టం తీరిపోతది.

సోమవారం సాయంత్రం మోటారు బందు పెట్టి నేనే ఫోన్ చేస్త. స్కూటర్ రంగు కూడా అప్పుడే తేల్చుకుందాం.

మా చిన్నాయన కొడుకు సైదులు మొన్న ఒక ఫంక్షన్‌ల నలుగురిలో, "డీఈ సాబ్ వియ్యంకుడివి, ఇంక బీరువాలకు రంగులేసుడేందే అన్నా, ఆయనకు నామోషీ గాదా?" అన్నడు. నవ్వి ఊరుకున్న. మా బావగారు అట్లాంటి మనిషి కాదని నాకు తెలుసు.

మీ
అంతయ్య


దిల్‌సుఖ్‌నగర్,
25 ఆగస్టు 2025, ఉదయం

అంతయ్య బావగారికి,

తొందరలో రాస్తున్నాను, సంధ్య బయలుదేరుతోంది.

కంప్రెసర్ విషయం బాగా ఆలోచించాను. నా సాంకేతిక అభిప్రాయం ఏమిటంటే, వద్దు. మూడు హార్స్ పవర్ మోటారు మీ సర్వీసు వైరు మీద పెడితే వీధి మొత్తం లైట్లు మినుకుమంటాయి. ఫ్యూజులు పోతాయి. అదనపు లోడుకు అర్జీ పెడితే సవాలక్ష అభ్యంతరాలు. చుట్టుపక్కల వాళ్ళు కూడా ఏమనుకుంటారో ఆలోచించండి. అయినా ఇంటి దగ్గర, ఈ వయసులో, అంత పెద్ద యంత్రం మనకెందుకు బావగారూ? ఉన్న చిన్నది మీ చేతికి అలవాటైనదే కదా. స్కూటర్ కాస్త గుంటలు పడినా నాకేమీ అభ్యంతరం లేదు.

ఫోన్ శ్రమ కూడా పెట్టుకోవద్దు. ఉత్తరమే హాయి.

రామారావు


ఎల్బీ నగర్,
28 ఆగస్టు 2025

రామారావు గారికి,

ఈ ఉత్తరం మోటారు బందు పెట్టి రాస్తున్న. ఒక్క మరక కూడా ఉండదు, చూసుకోండి.

సోమవారం సంధ్య ల్యాబులో పని ఎక్కువై మా ఇంటికి రాలేదు. మీ ఉత్తరం మంగళవారం అందింది. అంటే సోమవారం సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడు మీరు "వద్దు" అని రాసిన సంగతి నాకు తెలవదు. ఫోన్లో నేను మిషన్ కొనమంటరా అని అడిగితే, "అలాగే బావగారూ, శుభం" అన్నరు. ఏ రంగు కొట్టాలె అని ఒక రంగు పేరు చెప్తే, "అలాగే, మీ ఇష్టం" అన్నరు. దసరాకు ముందు మా షెడ్డులో మీ చేత్తో కొబ్బరికాయ కొట్టాలె అంటే, "తప్పకుండా" అన్నరు. నాకు కడుపు నిండింది. ఆ సంబురంలో నోరు జారి, సైదులు అన్న మాట కూడా అడిగిన. "బావగారూ, నిజం చెప్పండి, నా పని మీకు నామోషీగ ఉన్నదా?" అన్న.

"తప్పకుండా బావగారూ, అందులో సందేహమేముంది" అన్నరు.

నేను ఫోన్ పెట్టేసిన. మరునాడు మీ ఉత్తరం వచ్చింది. నోటితో అవునన్నది కాగితం మీద కాదు అయింది. చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటరు అని కూడా రాసిన్రు. ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి కలిసినయి. నేను పన్నెండేండ్ల వయసు నుంచి రంగు డబ్బాలు మోసినోణ్ణే, ఎన్నడూ సిగ్గుపడలే. మీరు సిగ్గుపడుతున్నరంటే మాత్రం పానం కలుక్కుమన్నది.

మిషన్ వద్దని రాణిగంజ్‌కు చెప్పిన. స్కూటర్‌ను ఎట్ల ఉన్నదట్ల ఆటో ట్రాలీలో పంపమంటే పంపిస్త.

డబ్బా ఖాళీగ పంపమన్న. అండాలమ్మ నా మాట వినక చెంచాడు చక్కెర పోసింది.

అంతయ్య


దిల్‌సుఖ్‌నగర్,
29 ఆగస్టు 2025

బావగారూ,

ఆ చెంచాడు చక్కెర చూసి నేను కూర్చుండిపోయాను. శేషారత్నం అడిగింది, "ఏమైందండీ?" అని. అంటే పెదవులు అలా కదిలాయి. నాకు ఆవిడ మాట వినబడలేదు. ఎవరి మాటా సరిగ్గా వినబడదు. ఇదే నేను మీకు చెప్పాల్సింది. మూడేళ్ళ క్రితమే చెప్పాల్సింది.

రిటైరయ్యే ముందు నుంచే నా చెవులు పోతూ వచ్చాయి. చెవిలో మిషను పెట్టాను. అది గదిలో ఒక్కరు మాట్లాడితే కాస్త పని చేస్తుంది, ఇద్దరు మాట్లాడితే ఈలవేస్తుంది. ఫోన్లో అయితే హోరు తప్ప ఏమీ లేదు. మీరు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆ నెపం మీ కంప్రెసర్ మీదకు నెట్టేశాను. పాపం దాని తప్పేమీ లేదు.

సోమవారం శ్రీకర్ ఇంట్లో లేడు. శేషారత్నం నా చేతిలో ఫోన్ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మీ గొంతు ఆగినప్పుడల్లా "అలాగే" అన్నాను, "తప్పకుండా" అన్నాను. వియ్యంకుడు ఏదైనా అడిగితే కాదనకూడదు కదా, ఏ ప్రశ్నకైనా ఆ జవాబులు సరిపోతాయనుకున్నాను. ఏ రంగుకు ఒప్పుకున్నానో కూడా నాకు తెలియదు. మీరు అంత మాట అడిగారని, దానికి నేను అలా అన్నానని ఇవాళ కాగితం మీద చదివితే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. మీ పని నాకు నామోషీ కాదు బావగారూ. మా వీధిలో నాలుగు బీరువాలు మీ చేతివి. ఎవరింటికి వెళ్ళినా వాటి తలుపు నిమిరి, "మా వియ్యంకుడిది" అని చెబుతాను.

లగ్నపత్రిక రాసుకున్న రోజు గుర్తుందా? మీ ముందుగదిలో ఇరవైమంది ఒకేసారి మాట్లాడారు, పైన ఫ్యాను. మీవాళ్ళు ఏమడిగినా తల ఊపాను. వెనక్కి వస్తుంటే శేషారత్నం కాగితం మీద రాసి చూపించింది, "మే నెలలో మిట్టమధ్యాహ్నం వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి ఒప్పుకున్నారేంటండీ?" అని. అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తర్వాత మీవాళ్ళంతా నన్ను మర్యాదస్తుడని పొగిడారు. ఆ పేరు పోగొట్టుకోవటం ఇష్టం లేక ఇన్నాళ్ళూ దాచాను. మీ అమ్మాయి పెళ్ళయిన వారానికే కనిపెట్టింది. ఎవరికీ చెప్పొద్దని వేడుకున్నాను. కన్నతండ్రికి కూడా చెప్పకుండా నా పరువు కాపాడింది. దాన్ని కోప్పడకండి.

ఇక కంప్రెసర్. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఒక్క తప్పుడు రిపోర్టు రాయలేదు. మొదటిది మీకు రాశాను. ఎందుకంటే, ఇంట్లో అందరూ నాతో రెండు ముక్కల్లో కేకేసి చెబుతారు. "భోజనం!" "కరెంటు బిల్లు!" "శ్రీకర్ ఆలస్యం!" వాళ్ళ తప్పు లేదు, గొంతు పోతుంది. కానీ మనిషికి పూర్తి మాటలు కావాలి బావగారూ. అండాలమ్మ చెల్లెమ్మ ఏమని తిట్టిందో, బస్సు ఎంత నిండిందో, రంగు ఎందుకు ఉమ్మిందో, ఇవన్నీ పొల్లు పోకుండా నాతో చెప్పేది మీరొక్కరే. అదీ ఆ చిన్న ట్యాంకు పుణ్యాన. అది పోతే ఉత్తరాలు పోతాయి, ఫోన్లు వస్తాయి అని భయపడ్డాను. నా స్వార్థం కోసం మీ పనికి అడ్డం పడ్డాను.

మీరు క్షమించకపోయినా మిషన్ మాత్రం కొనండి. డబ్బాలో అరిసెలు ఉన్నాయి.

మీ
రామారావు


ఎల్బీ నగర్,
1 సెప్టెంబర్ 2025

బావగారికి అంతయ్య వంద నమస్కారాలు.

ఉత్తరం చదివి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత రెండూ కలిసి వచ్చినయి. ఏమైందని అండాలమ్మ అరిచింది. అరిచింది అని ఎందుకంటున్నంటే, నాకు కూడా అరిస్తేనే వినపడతది! ముప్పై ఏండ్లు బస్సుల షెడ్డులో గన్ పట్టినోని చెవులు ఏముంటయి? నేను అందరితో గట్టిగ మాట్లాడుతనని మా వాళ్ళు నన్ను కోపిష్ఠి అంటరు. మీరు మా ఇంటికొచ్చినప్పుడు నాతో మాత్రం చక్కగ మాట్లాడేది, ఇప్పుడు తెలిసింది, నా అరుపు పుణ్యమే అది. ఫోన్లో మీ మాట నాకు వినపడ్డది మీ అరుపు పుణ్యం.

ముల్లు పైకొచ్చింది. రానీ, ఈ ఒక్కసారి నిలబడనీ.

లగ్నం రోజు సంగతి. మా వాళ్ళు ఏమనుకున్నరో తెలుసా? "ఆంధ్రోళ్ళకు పట్టింపులు ఎక్కువంటరు, గీ సార్ ఒక్కదానికి గూడ కాదనలే, దేవుని అసొంటోడు" అన్నరు. నేను రాత్రంత భయంతో ఉన్నోణ్ణి, మీరు తల ఊపంగనే మనసు కుదుటపడ్డది. బావగారూ, మీకు ఆ రోజు మంచిగ వినపడితే మే నెల ఎండకు ఒప్పుకునేటోళ్ళా? మా పెద్దలు మొండోళ్ళు, మాట మాట పెరిగేది. నా బిడ్డ మీ ఇంటికి వచ్చేది కాదు. ఆ చెవులను ఇక మీదట ఒక్క మాట అననియ్య.

సంధ్యను కోప్పడుడా? నిన్న రాంగనే దాని నెత్తి మీద చెయ్యి పెట్టిన. "ఏమైంది నాయినా?" అన్నది. మీ ఉత్తరం చేతికిచ్చిన. మనిద్దర్నీ ఒకేరోజు మలక్‌పేటలో చెవుల డాక్టరు దగ్గరికి తోలుకపోతదంట.

రాణిగంజ్‌కు మళ్ళీ ఫోన్ చేసిన. మీరు ఒకరోజు వచ్చి మీటరు, వైర్లు కండ్లతో చూడండి. ఈసారి నిజం రిపోర్టు ఇయ్యండి. ఉత్తరాల సంగతి నాకు వదిలిపెట్టండి.

మీరు ఒప్పుకున్న రంగు ఏదో ఇప్పుడు చెప్ప. మాటంటే మాటే.

మీ
అంతయ్య


దిల్‌సుఖ్‌నగర్,
12 సెప్టెంబర్ 2025

బావగారికి,

ఇది రిపోర్టు. నిన్న స్వయంగా చూశాను. మీటరు భేషుగ్గా ఉంది. వైరు మార్చాలి, కొత్తది మందపాటిది వేయించండి. స్టార్టరు తప్పనిసరి. అదనపు లోడుకు అర్జీ నేనే రాసి పెట్టాను, అభ్యంతరాలు ఏమీ రావు. వీధి లైట్లు మినుకుమనవు. అది నా కల్పన.

చెల్లెమ్మ నాకు భోజనం వడ్డిస్తూ గట్టిగా చెప్పిన మాటలన్నీ వినబడ్డాయి. ఇంకో ముద్ద పెట్టుకోమని పదకొండుసార్లు అన్నారు. పదకొండుసార్లూ నిజంగా విని "అలాగే" అన్నాను.

స్కూటర్ మీద గుడ్డ కప్పి ఉంచారు. ఎంత బతిమాలినా తియ్యలేదు మీరు.

రామారావు


ఎల్బీ నగర్,
28 సెప్టెంబర్ 2025, ఆదివారం

బావగారికి అంతయ్య నమస్కారం.

మీరు నా ఎదురుగనే ఉన్నరు. స్టూలు మీద కూర్చుని మిషన్‌ను చూస్తున్నరు. మీరు కొట్టిన కొబ్బరికాయ చెక్కలు ఇంకా దాని ముందరే ఉన్నయి. అయినా రాస్తున్న, ఎందుకంటే మోటారు నడుస్తుంటే మీకు వినపడదు, నాకూ వినపడదు. డుగుడుగు మెల్లగనే ఉంటదని చెప్పి దుకాణపాయన నన్ను మోసం చేసిండు. ఈ షెడ్డులో ఇప్పుడు చెవులున్నోళ్ళూ లేనోళ్ళూ ఒక్కటే. అండాలమ్మ, అక్కయ్య గుమ్మంలో నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నరు.

ఉత్తరాల సంగతి నాకు వదిలిపెట్టమన్న గదా. లెక్క చూసుకున్న. చిన్న ట్యాంకు నాలుగు నిమిషాలకే నిండేది. నాలుగు ముక్కలు రాస్తే లేవాల్సిందే, మీకు ఎన్నడూ తెగిన మాటలే పంపిన. ఈ పెద్దదానికి పొద్దున మొదటిసారి నిండటానికి పది నిమిషాలు పడతది. అంటే రోజూ పొద్దున పది నిమిషాలు నేను ఖాళీ. మధ్యలో లేవకుండా ఒక పూర్తి ఉత్తరం. ఇప్పటిదాక రాసింది చూడండి, ఒక్కసారి కూడా లేవలేదు.

పాత చిన్నదాన్ని అమ్మలేదు. దానికి పసుపు కుంకుమ పెట్టి మీ కోసం కట్టి పెట్టిన. మీ స్కూటర్ టైర్లకు గాలి కొట్టుకోండి. అది నిండే నాలుగు నిమిషాల్లో నాకు జవాబు రాయండి. మీకు లేచే పని లేదు గనుక ఎంత రాసినా నేను చదువుత.

ఇంకొకటి. గుడ్డ తీసి మీ స్కూటర్ చూపిస్తే మీరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగిన్రు. ఆ రోజు ఫోన్లో, "చిలకపచ్చ కొట్టమంటరా?" అని తమాషాకే అడిగిన. మీరు "అలాగే, మీ ఇష్టం" అన్నరు. ఇప్పటిదాక చిన్న కంప్రెసర్‌తో ఆ పచ్చ అడుగు కోటే కొట్టిన, పై కోటు ఈ పెద్దదానితోనే. కావాలంటే ఇప్పుడైనా రంగు మారుస్త, కాగితం మీద రాసియ్యండి అని ఇందాక చెప్పిన. అక్కయ్య మాత్రం ఆ పచ్చ చూసి నవ్వాపుకోలేకపోతున్నది. వెనక సీటు మీద కూడా ఎక్కి కూర్చున్నది.

ముల్లు చివరికొచ్చింది. మోటారు దానంతట అదే ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం. ట్యాంకు నిండుగ ఉన్నది, గన్‌లో రంగు పోసి ఉన్నది, నేను లేవొచ్చు.

కానీ మీరు నా చేతికింది నుంచి ఒక కాగితం లాక్కుని మీ ఒళ్ళో పెట్టుకుని ఏదో రాస్తున్నరు. ఒక పక్క నిండిపోయింది, ఇప్పుడే రెండో పక్కకు తిప్పిన్రు. రంగు సంగతి ఒక్కటే అయితే అంత పొడుగు ఉండదు. తాపీగ రాయండి బావగారూ. మీది అయ్యేదాక నేను ఆగుత.

మీ
అంతయ్య